అమ్మేశాక వచ్చిన మెసేజ్

"అన్నా, లాప్‌టాప్ దానంతట అదే బంద్ అయితున్నది."

రాత్రి పదకొండున్నరకి వాట్సాప్‌లో ఈ ఒక్క లైను. పంపింది నాలుగు రోజుల కిందట అమీర్‌పేట మెట్రో స్టేషన్ దగ్గర టీ కొట్టులో నా పాత లాప్‌టాప్ కొనుక్కున్న కుర్రాడు. కరీంనగర్ వైపు ఊరు. ఇక్కడ హాస్టల్లో ఉండి జావా నేర్చుకుంటున్నాడు. నేను 18,000 అడిగితే బేరమాడి 16,500కి తీసుకున్నాడు. ఆ డబ్బులో సగం అప్పటికే ఖర్చయిపోయింది కూడా.

అప్పుడు నేనేం చేశానో సిగ్గుపడుతూనే చెప్తా. "తీసుకునేటప్పుడు నువ్వే చెక్ చేసుకున్నావు కదా తమ్ముడూ" అని రిప్లై కొట్టా. రెండు వీడియోలు పంపాడు. ఓపెన్ చెయ్యలేదు. "పైసలు వాపస్ ఇయ్యుండ్రి అన్నా, గిట్ల మోసం చేస్తరనుకోలే. ఫోర్ ట్వంటీ కేసు పెడ్త" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. బ్లాక్ చేసి పడుకున్నా.

నిద్ర మాత్రం పట్టలేదు. ఎందుకంటే మే నెలలో ఆ లాప్‌టాప్ నా చేతిలోనూ రెండుసార్లు ఆగిపోయింది. పెద్ద పెద్ద వీడియో కాల్స్ నడుస్తున్నప్పుడు లోపల ఫ్యాను గట్టిగా అరిచి, స్క్రీన్ నల్లబడిపోయింది. ఎండలు కదా అని సరిపెట్టుకున్నా. టేబుల్ ఫ్యాన్ దాని వైపు తిప్పుకుని పని కానిచ్చా. తర్వాత మర్చిపోయా. నిజంగా మర్చిపోయానా, లేక మర్చిపోవడం లాభమని మర్చిపోయానా అన్నది ఆ రాత్రి తేలలేదు. యాడ్‌లో మాత్రం "పర్ఫెక్ట్ కండిషన్, నో ఇష్యూస్" అని రాశా. అందరూ అదే రాస్తారు కదా!

పొద్దున్నే వాడి రూమ్మేట్ నంబర్ నుంచి ఫోన్. తిడతాడనుకున్నా. తిట్టలేదు. "అమ్మ దగ్గర తెచ్చిన పైసలన్నా" అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

ఇక్కడ కాస్త చట్టం మాట్లాడుకుందాం. మనం పాత వస్తువు అమ్మినప్పుడు కూడా వర్తించేది 1930 నాటి వస్తువుల విక్రయ చట్టమే. అందులో 16వ సెక్షన్ అమ్మేవాళ్లకి ధైర్యమిస్తుంది. కొన్ని మినహాయింపులు పోను, వస్తువు నాణ్యతకి అమ్మినవాడు ఆటోమేటిగ్గా గ్యారంటీ ఇచ్చినట్టు కాదు, కొనేవాడే చూసుకోవాలి. కానీ దానికి ముందున్న 15వ సెక్షన్ ఇంకో మాట అంటుంది. వర్ణన చెప్పి అమ్మితే వస్తువు ఆ వర్ణనకి తగ్గట్టే ఉండాలి. అంటే మనం ఖాళీ ఉందని నింపేసే ఆ నాలుగు ముక్కల డిస్క్రిప్షన్, నిజానికి మన మీద మనం రాసిచ్చుకునే కాగితం అన్నమాట. "నో ఇష్యూస్" అని రాయకుండా ఉంటే నేను 16వ సెక్షన్ చాటున నిలబడేవాణ్ని. రాశా కాబట్టి 15 దగ్గర దొరికిపోయా.

వాడు బెదిరించిన ఫోర్ ట్వంటీ సంగతి కూడా చెప్పాలి. ఆ నంబర్ ఇప్పుడు లేదు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చాక మోసం కేసు 318వ సెక్షన్ అయింది. సినిమాల్లో ఇంకా ఫోర్ ట్వంటీ అనే తిట్టుకుంటారనుకోండి, త్రీ ఎయిటీన్ అంటే తిట్టులా లేదు మరి. పాత వస్తువు పాడైతే చాలు మోసం కేసు నిలబడుతుందనుకోవద్దు. అమ్మేటప్పుడే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. ఇక కన్జ్యూమర్ కమిషన్ ఉన్నది వ్యాపారం చేసేవాళ్ల మీద ఫిర్యాదులకి. ఇంట్లో పాత లాప్‌టాప్ ఒకటి అమ్ముకున్నవాణ్ని మామూలుగా అక్కడికి లాగరు. యాప్ వాళ్లు వస్తారా అంటే, ఇద్దరినీ కలిపి వదిలేసే యాప్ అయితే డబ్బు వాళ్ల చేతిలో లేదు కాబట్టి వాళ్లు చెయ్యగలిగేది తక్కువ. చివరికి మిగిలేది ఇద్దరు మనుషులూ, వాళ్ల చాటూ. అందుకే బ్లాక్ చెయ్యడం అంత తెలివితక్కువ పని. అవతలివాడికి ఇంక పోలీస్ స్టేషన్ తప్ప దారి లేదని మనమే చెప్పినట్టు.

అన్‌బ్లాక్ చేశా. వీడియోలు చూశా. నాకు బాగా తెలిసిన సీనే, అదే అరుపు, అదే నల్ల స్క్రీన్. "తమ్ముడూ, నిన్న కోపంలో మాట్లాడా. ఏమనుకోకు. శనివారం సికింద్రాబాద్ వెళ్లి ఇద్దరం కలిసి చూపిద్దాం" అని పెట్టా. మొత్తం డబ్బు వాపస్ ఇస్తానని మాత్రం అనలేదు. కారణం ఉంది. లోపలేముందో చూడకుండా భయంతో ఒప్పుకుంటే అది న్యాయం చేసినట్టు కాదు, వదిలించుకున్నట్టు. చూడకుండా "కుదరదు" అనడమూ అలాంటిదే.

సీటీసీ అంటే తెలుసుగా, ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్. అక్కడ ఒకాయన వెనక మూత తీశాడు. లోపల దుమ్ము దూదిపింజల్లా ఉంది. ఫ్యాన్ అరిగిపోయింది. ప్రాసెసర్ మీద పేస్ట్ ఎండిపోయి పొడైంది. వేడెక్కితే అది తనను తాను కాపాడుకోవడానికి ఆఫ్ అయిపోతోంది, అంతే. బోర్డుకి ఏం కాలేదు. కొత్త ఫ్యాను, పేస్ట్, క్లీనింగ్ కలిపి 1,900. "ఎన్ని రోజుల్నుంచి ఇట్లుంది?" అని అడిగాడాయన. కుర్రాడు "నాలుగు రోజులు" అన్నాడు. నేను "మే నుంచి" అన్నా. వాడు నా మొహం చూశాడు. ఏమీ అనలేదు.

1,900 నేనే కట్టా. మూడు గంటలు అక్కడే కూర్చుని, వీడియో ఒకటి లూప్‌లో పెట్టి, ఆగదని చూసుకున్నాం. మధ్యలో బయటకొచ్చి ఇరానీ చాయ్ తాగాం. చాయ్ డబ్బులు వాడే ఇచ్చాడు, ఇవ్వనివ్వకపోతే ఊరుకోలేదు. "రిపేర్ ఖర్చు ఇచ్చారు, మన మధ్య లెక్క అయిపోయింది" అని వాట్సాప్‌లో ఒక లైన్ పెట్టమన్నా. పెట్టాడు. ఇది చాలామంది మర్చిపోతారు. గొడవ ముగిసిందని రాతలో ఉంటే రెండు నెలల తర్వాత చార్జర్ పోయినా మళ్లీ మొదటికి రాదు.

ఇది చదివి "అయితే కొన్నవాళ్లు ఏమడిగినా ఇచ్చెయ్యాలా గురూ" అంటారేమో. లేదు. రెండో రకం కూడా ఉంది. మా కజిన్ ఒకడు విజయవాడలో ఫోన్ అమ్మాడు. వారం తర్వాత కొన్నాయన వచ్చి "డిస్‌ప్లే మీద గీత వచ్చింది, డబ్బులివ్వు" అని ఫోన్ బల్ల మీద పెట్టాడు. అదే మోడల్, అదే రంగు. మావాడు స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొట్టి చూస్తే ఐఎంఈఐ వేరే! ఆయన సొంత పాడైపోయిన ఫోన్ తెచ్చి మంచి ఫోన్ డబ్బు వెనక్కి లాక్కుందామని చూశాడు. మావాడి దగ్గర అమ్మిన రోజు తీసిన నలభై సెకన్ల వీడియో ఉంది. ఫోన్ నాలుగు వైపులా, స్క్రీన్ మీద ఐఎంఈఐ, పక్కన కొన్నాయన చెయ్యి. వీడియో చూపించగానే "ఓ, మా తమ్ముడి ఫోన్ తెచ్చినట్టున్నా" అని వెళ్లిపోయాడాయన. మళ్లీ రాలేదు. అరుపుల్లేవు, స్టేషన్ లేదు. ఫోన్‌కైతే ఐఎంఈఐ, లాప్‌టాప్‌కైతే సీరియల్ నంబర్, కొన్నవాళ్లతో చివరిసారి చెక్ చేయించి "ఓకే" అనిపించుకునే ఒక వీడియో. నేను లాప్‌టాప్ అమ్మినప్పుడు ఈ పని చెయ్యలేదు. కుర్రాడు మంచివాడు కాబట్టి సరిపోయింది.

డబ్బు వాపస్ ఇవ్వాల్సి వస్తే ముందు వస్తువు చేతికి రావాలి, నంబర్ కలవాలి, తర్వాతే ట్రాన్స్‌ఫర్. అదీ ఏ అకౌంట్ నుంచి వచ్చిందో ఆ అకౌంట్‌కే. "మా ఫ్రెండ్ నంబర్‌కి కొట్టండి" అంటే వద్దు. ఇదేదో చాదస్తం కాదు. సైబర్ మోసంలో పోయిన డబ్బుతో మీ వస్తువు కొనేవాళ్లుంటారు. డబ్బు పోగొట్టుకున్న మనిషి 1930కి ఫోన్ చేస్తే పోలీసులు ఆ డబ్బు ఏ ఏ ఖాతాల గుండా వెళ్లిందో చూసుకుంటూ వస్తారు, మీ ఖాతాలో ఆ మొత్తం హోల్డ్ అవుతుంది. అప్పుడు "నేను వస్తువు అమ్మానండీ" అనడానికి యాడ్ స్క్రీన్‌షాట్, చాట్, అప్పగించిన వీడియో ఉండాలి. కొన్నవాడి పేరూ, డబ్బు పంపినవాడి పేరూ వేరైతే ఎవరిదని అక్కడే అడగడం మేలు. (చట్టం పుట్టిన ఏడూ 1930, హెల్ప్‌లైనూ 1930. గుర్తుపెట్టుకోవడానికి బాగుంది.)

క్యూఆర్ పంపి "స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బొస్తుంది" అనేవాళ్ల గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. అంతే.

బైకు అమ్మితే మాత్రం లెక్క వేరు. అక్కడ గొడవ వారంలో రాదు, రెండేళ్ల తర్వాత చలానా రూపంలోనో యాక్సిడెంట్ కేసు రూపంలోనో వస్తుంది. అమ్మినవాళ్లు 14 రోజుల్లో రవాణా శాఖకి తెలపాలని మోటారు వాహనాల చట్టం చెప్తోంది, దానికే ఫామ్ 29. సంతకం పెట్టిన ఖాళీ ఫామ్‌లు కొన్నాయన చేతిలో పెట్టి "మీరే చేయించుకోండి" అని వచ్చేస్తాం మనం. రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో ఓనర్ ఆయనేనని, పరిహారం బాధ్యతా ఆయనదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పేరు మారేదాకా ఆ బైకు మనదే, పెట్రోల్ మాత్రం వాళ్లు పోసుకుంటారు.

అన్నిటికంటే కష్టమైనది మూడో రకం గొడవ. ఎవరూ మోసం చెయ్యలేదు, కానీ వస్తువు పాడైంది. అమ్మిన పదిహేను రోజులకి బ్యాటరీ ఉబ్బింది అనుకోండి. మీకు తెలీదు, వాళ్లకీ తెలీదు. చట్టం ప్రకారం మీరు కాదనొచ్చు. నేనైతే ఒకటే ప్రశ్న వేసుకుంటున్నా ఇప్పుడు: ఈ సంగతి అమ్మేముందు నాకు తెలిసుంటే ఎంత తగ్గించేవాణ్ని? ఆ తేడాలో సగం ఇస్తానంటా. ఒప్పుకుంటారు కొందరు. ఒప్పుకోనివాళ్లకి మర్యాదగా కుదరదని ఒక్కసారి రాసి, ఆ తర్వాత కోపంగా మాత్రం ఏదీ టైప్ చెయ్యను. అర్ధరాత్రి టైప్ చేసినదే రేపు స్క్రీన్‌షాట్ అవుతుంది.

లాప్‌టాప్ కుర్రాడు పోయిన నెల మెసేజ్ పెట్టాడు. గచ్చిబౌలిలో ఇంటర్న్‌షిప్ వచ్చిందట. "లాప్‌టాప్ మస్తు నడుస్తుందన్నా, ఫ్యాన్ సప్పుడు గూడ లేదు" అన్నాడు. నేను మే నెల సంగతి ముందే చెప్పనందుకు ఏమైనా అంటాడేమోనని చూశా. అదేమీ ఎత్తలేదు. నేనే ఎత్తి సారీ చెప్పా. నవ్వుతున్న ఎమోజీ ఒకటి వచ్చింది. దానర్థం ఏంటో ఇప్పటికీ తెలీదు.

నిన్న ఇంట్లో పాత వాషింగ్ మెషిన్ యాడ్ పెట్టా. "ఆరేళ్లయింది. డ్రయ్యర్ తిరిగేటప్పుడు ఊగుతుంది, కింద అట్టముక్క పెట్టాలి. టైమర్ నాబ్ ఒక్కోసారి ఇరుక్కుంటుంది. మిగతాది బాగానే పని చేస్తుంది. వచ్చి బట్టలు వేసి చూసుకోండి" అని రాశా. మా ఆవిడ చదివి "ఇలా రాస్తే ఎవరు కొంటారండీ?" అంది. సాయంత్రానికి ఇద్దరు ఫోన్ చేశారు. ఒకాయన రేపు బట్టలు తీసుకుని వస్తానన్నాడు.