ఇంటిగుట్టు - కౌమార నవల

"ఇంటిగుట్టు లంకకు చేటు" అన్న సామెత ఎరుగని తెలుగువారు లేరు. గుట్టు బయటపడితే ఇల్లు చెడుతుందన్నది దాని హెచ్చరిక. కాని గుట్టు దాగినందువల్ల చెడిన ఇండ్ల సంగతి ఆ సామెత చెప్పదు. అది చెప్పవలసినది సాహిత్యం. అందునా పదునాలుగు, పదునైదేండ్ల ప్రాయంవారికోసం వ్రాసే నవల తప్పక చెప్పవలెను.

ఈ మాట అంగీకరించని పెద్దలు అనేకులు. కుటుంబ రహస్యాలు, పాత తప్పుల జ్ఞాపకాలు, అపరాధభావం - ఇవి లేతమనసులకు తగిన వస్తువులు కావని వారి వాదం. మునగపాకలో ఉన్నత పాఠశాలకు పోయే బాలికకు నీతికథలు చాలవా అని వారు అడుగవచ్చును. చాలవు. గోడమీది పటాలలో ఒకరి పటం ఎందుకు లేదో, ఒక పేరు వినగానే నాయనమ్మ ఎందుకు లేచి లోపలికి పోతుందో ఆ పిల్ల ఎన్నడో గమనించి ఉంటుంది. అడిగితే "పెద్దల మాటలు నీకెందుకే" అని ఉంటారు. చెప్పనంతమాత్రాన పిల్లలకు తెలియకపోదు, సగం తెలుస్తుంది. తక్కిన సగాన్ని వారు ఊహతో పూరించుకొంటారు. ఆ ఊహలో దోషి ఎవరో తేలకపోతే, ఆ దోషం తమదేనని నమ్మే పిల్లలూ ఉంటారు.

ఇది పరదేశం నుండి వచ్చిన వస్తువు కాదు. భారతకథ నడుమ ఇటువంటి గుట్టే ఉన్నది. దుర్వాసుడిచ్చిన మంత్రాన్ని పరీక్షించిన నాటికి కుంతి కన్య. అపవాదభీతితో బిడ్డను ఏటిపాలు చేసింది. అస్త్రవిద్యాప్రదర్శన నాడు కర్ణుని గుర్తించి మూర్ఛపోయిందే గాని నోరు విప్పలేదు. యుద్ధానికి ముందు కర్ణునితో మాత్రం చెప్పుకొన్నది. పాండవులకు చెప్పినది తర్పణాలు విడిచే వేళ. అప్పటికి కర్ణుడు లేడు.

అప్పుడు ధర్మరాజుకు ఒక పాత సంగతి గుర్తుకు వస్తుంది. జూదసభలో కర్ణుని పరుషవాక్యాలకు తనకు కోపం వచ్చినా, అతని పాదాలు చూడగానే ఆ కోపం చల్లారింది. అవి తల్లి పాదాలవలె ఉన్నవి. కారణమేమో ఎంత ఆలోచించినా తెలియలేదు. వ్యాసభారత శాంతిపర్వంలోని ఈ ఘట్టం ఎంతో సూక్ష్మమైనది. కన్నులు నిజాన్ని ముందే పట్టుకొన్నవి. దానికి పేరు చెప్పగలవారు మాత్రం ఆ ఇంట నోరు మెదపలేదు.

తెలియని నేరానికి ధర్మరాజు కుమిలిపోయినాడు, రాజ్యం వద్దన్నాడు. అంతవరకు సబబే. పిమ్మట స్త్రీల మనసులో రహస్యం నిలువకుండుగాక అని శపించినాడు. ఇక్కడ ఆగి ఆలోచించవలెను. తన దుఃఖభారాన్ని ఆయన స్త్రీజాతి మీదికి దించినాడు. ఆ కన్య ఎవరితో చెప్పుకోగలిగేదన్న ప్రశ్న వేయలేదు. కౌమార నవల వేయవలసినది ఆ ప్రశ్నే.

ఆధునిక కాలంలో 1946-47లో 'నవోదయ' పత్రికలో వెలువడిన బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' ఈ దారిలో ఎంతో దూరం నడిచింది. తల్లి శీలాన్ని గురించి లోకం అనుకొన్న మాటలు దయానిధి జీవితమంతటా నీడవలె వెంబడిస్తవి. తాను చేయని దానికి అతడు శిక్ష అనుభవిస్తాడు. అయితే అది ఎదిగినవారి నవల. 1947లో పుట్టిన 'చందమామ' అనేక తరాల బాలలకు కథల రుచి చూపింది. ఆ కథలకూ ఈ నవలకూ నడుమ ఉండవలసిన మెట్టు మన భాషలో ఇంకను ఇరుకుగానే ఉన్నది.

ఆంగ్లంలో ఆ మెట్టు విశాలమైనది. 2014లో అమెరికా రచయిత్రి ఇ. లాక్‌హార్ట్ ప్రచురించిన 'వి వర్ లయర్స్' నవలలో ఒక సంపన్న కుటుంబపు బాలిక తన పదునైదవ ఏట జరిగిన దానిని మరచిపోతుంది. పెద్దల ఆస్తి తగవులు, పిల్లల సాహసం, మరపు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నవి. రచన నేర్పుగలదే. కాని అసలు నిజాన్ని చివరిదాకా దాచి పాఠకుని ఉలికిపాటుకు గురిచేయడంపైనే దాని దృష్టి హెచ్చు. మన రచయితలు ఈ ఒక్క పద్ధతిని అనుకరించకుంటే మేలు. గుట్టు విప్పడంతో కథ ముగియరాదు. విప్పిన మరునాడు ఆ ఇంటివారు ఒకరి ముఖం ఒకరు ఎట్లు చూచుకొన్నారో, ఒకే పంక్తిలో ఎట్లు భోజనం చేసినారో చెప్పినప్పుడే అది కథ. తన తప్పుకు తాను బాధ్యత వహించవలెననీ, తనవారి తప్పును తెలుసుకొనవలెనే గాని తలకెత్తుకోనక్కరలేదనీ యువపాఠకునికి తోచవలెను.

మునగపాక సీమలో బెల్లం వండేవారికి ఒక సంగతి తెలుసు. చెరకురసం కాగేటప్పుడు మడ్డి పైకి తేలుతుంది. తేలినప్పుడే తీసివేయకపోతే పాకంలో కలిసిపోయి బెల్లం నల్లబడుతుంది. ఇంటి నిజానికి కూడా అటువంటి అదను ఒకటి ఉన్నది. కుంతి ఆ అదను దాటిన తరువాత చెప్పింది.

ధర్మరాజు శాపమని తలచి పలికిన మాట ఆనాడు ఆ కన్యకు వరమై ఉండేది. మనసులో రహస్యం నిలువకపోయినట్లయితే, ఏటి ఒడ్డుకు పోకముందే ఆమె ఎవరికో ఒకరికి చెప్పుకొని ఉండేది. వినడానికి ఒకరు ఉండవలెను, అంతే. నేటి బాలికకు ఇంట అటువంటివారు లేనినాడు పుస్తకమైనా ఉండవలెను.