బీరువాలో సర్టిఫికెట్లు

వేసవి వచ్చిందంటే ప్రైవేటు కాలేజీ లెక్చరర్ చేతికి కరపత్రాలు వస్తాయి. ఊరూరా తిరిగి అడ్మిషన్లు తేవాలి. టార్గెట్ తప్పితే జీతంలో కోత.

ఏడో వేతన సవరణ ప్రకారం ఇంజనీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం రూ.57,700తో మొదలవ్వాలి. చాలాచోట్ల అది కాగితం మీదే. జీతం ఖాతాలో వేసి, కొంత నగదుగా వెనక్కి పుచ్చుకునే ఘనులూ ఉన్నారు! ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు చెల్లించాలంటూ తెలంగాణలో యాజమాన్యాలు 2025 నవంబరులో కాలేజీలు మూసి ఆందోళనకు దిగాయి. బకాయిలు నిజమే. కానీ ఆ సాకుతో జీతాలు ఆపితే నెలల తరబడి పస్తులుండేది సిబ్బందే.

మానేద్దామంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం బీరువాలో ఉంటాయి. అయినా వెళ్లిపోతున్నారు, సెమిస్టర్ మధ్యలోనే.

సర్టిఫికెట్లు అట్టిపెట్టుకునే కాలేజీలకు విశ్వవిద్యాలయాలు అనుబంధ గుర్తింపు నిలిపివేయాలి. తనిఖీ బృందాలు రికార్డులతో సరిపెట్టక లెక్చరర్లతో విడిగా మాట్లాడాలి.