జబ్బుకు పెట్టిన పేరు

భిలాయి ఉక్కునగరాన్ని ఆనుకొని హథ్‌ఖోజ్ అనే భారీ పరిశ్రమల వాడ ఉన్నది. సోవియట్ సహకారంతో నిర్మించిన ఉక్కు కర్మాగారపు తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ కర్మాగారం కోసం దేశం నలుమూలలనుండి జనం పొట్ట చేతబట్టుకొని వచ్చారు, తెలుగువారూ వచ్చారు. అట్లా వచ్చినవారిని స్థానికులు ‘పరదేశీ’లన్నారు. వచ్చినవారు ఛత్తీస్‌గఢ్ రైతుబిడ్డలను సోమరులన్నారు. భిలాయిలో ఏళ్ల తరబడి పరిశోధన చేసిన లండన్ ఆచార్యుడు జోనాథన్ పారీ గ్రంథంలో ఈ సంగతి వివరంగా కనిపిస్తుంది. ఒకే షిఫ్టులో చెమటోడ్చేవారి నడుమనే మాట ఇంత అడ్డుగోడ కట్టగలిగితే, ముఖకవళికలు కూడా వేరైనవారి గతి ఏమిటి? 2020 ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది.

ఆ సంవత్సరం మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. అంతకుముందే, కరోనా చైనాలో బయటపడిందన్న ఒక్క కారణాన, ఈశాన్య రాష్ట్రాల యువతీయువకులను వీధులలో ‘కరోనా’ అని పిలవడం మొదలైంది. తామూ భారతీయులమేనని వారు చెప్పుకోవలసి రావడమే అవమానం. (చైనావారినైనా అట్లా పిలవడం తగదన్నది వేరే మాట.) ఇటువంటి వేధింపులపై చర్య తీసుకోవలసిందిగా మార్చి 21న కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు సూచించింది. అయినా ఆ నెలాఖరున మైసూరులో నాగాలాండ్ యువకులను, ఏప్రిల్‌లో హైదరాబాదు వనస్థలిపురంలో మణిపురీ యువకులను సరుకుల దుకాణాలలోకి రానీయలేదు. జాతి వివక్షను ప్రత్యేక నేరంగా శిక్షాస్మృతిలో చేర్చాలని బెజ్‌బరువా సంఘం 2014లోనే సిఫారసు చేసింది. 2020 నాటికి అది చట్టరూపం దాల్చలేదు.

వ్యాధికి ఒక ఊరి పేరో జాతి పేరో తగిలించడం పాత అలవాటే. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాకు ‘స్పానిష్’ అన్న పేరు ఎట్లా వచ్చిందో చూడండి. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడుతున్న దేశాలు జబ్బు వార్తలను తొక్కిపెట్టాయి. తటస్థంగా ఉన్న స్పెయిన్‌లో పత్రికలు దాచకుండా రాశాయి. నిజం చెప్పిన దేశానికే మచ్చ అంటింది! అదే జబ్బు మన దేశంలో ‘బొంబాయి జ్వరం’ అయింది. కోటిమందికి పైగా భారతీయులను అది పొట్టన పెట్టుకున్నది. ఛత్తీస్‌గఢ్ ప్రాంతం ఉండిన నాటి సెంట్రల్ ప్రావిన్సెస్ మరీ ఘోరంగా దెబ్బతిన్నది. కొత్త వ్యాధులకు ప్రదేశాల, జాతుల పేర్లు పెట్టరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో నియమం చేసింది. 2020 ఫిబ్రవరి 11న ‘కోవిడ్-19’ అని నామకరణం చేసినది ఆ నియమం ప్రకారమే.

అదే ఏడు మే 25న అమెరికాలోని మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు ఒక పోలీసు మోకాలికింద ప్రాణం విడిచిన దృశ్యాన్ని చూసి మన ఇళ్లలోనూ కంటతడి పెట్టినవారున్నారు. మంచిదే. కాని పై అంతస్తులో అద్దెకున్న మిజో నర్సు మెట్లమీద కనిపించగానే తలుపు వేసుకున్న ఇంట్లో ఆ కన్నీరు ఎవరికి ఉపకరించింది? ఆ మే నెలలోనే కలకత్తా ప్రైవేటు ఆసుపత్రులనుండి నూరుమందికి పైగా మణిపురీ నర్సులు కొలువులు వదలి స్వరాష్ట్రానికి వెళ్లిపోయారు. వారు చెప్పిన కారణాలలో జాతి వివక్ష ఒకటి. రోగులు పెరుగుతున్న వేళ జరిగిన ఈ నష్టం ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు.

ఇల్లు కదలలేని గృహస్థుడు చేయగలిగినవి చిన్న పనులే. హథ్‌ఖోజ్ వంటి వాడలో పరాయి ఊరి కార్మికుడికి అద్దె గదే ఇల్లు. జనం మాట విని ఆ గది ఖాళీ చేయించకపోవడం ఒకటి. దుకాణానికి తోడు వెళ్లడం మరొకటి. పిల్లల ఎదుట ఆ పిలుపు వినిపించినప్పుడు నవ్వి ఊరుకోకపోవడం అన్నిటికంటే కష్టం, ఎందుకంటే అన్నవాడు సాధారణంగా బంధువే అయివుంటాడు. ఎవరినైనా అడ్డగించారని తెలిస్తే 112కు ఫోను చేయడానికి గడప దాటనక్కరలేదు.

వనస్థలిపురంలో జరిగినది వీడియోగా ఇంటింటికీ చేరింది. చూసినవారు ఊరుకోలేదు, పదిమందికీ పంపించారు. అది నాటి తెలంగాణ మంత్రి కె. తారక రామారావు దృష్టికి వెళ్లింది. ఆయన దానిని ఖండించి, చర్య తీసుకోవలసిందిగా డీజీపీని కోరారు. పోలీసులు కేసు నమోదు చేశారు.