ముందు ఉప్పు, తరువాతే గోపురం



ఐరోపాలో ఒక సహవాస కూడికకు వెళ్ళిన మేము, ఆస్ట్రియా దేశంలోని హాల్‌స్టాట్ అనే చిన్న ఊరు చూశాం. రైలు సరస్సుకు అవతలి ఒడ్డున ఆగుతుంది. అక్కడి నుండి పడవ మీద ఊళ్ళోకి వెళ్ళాలి. వెనుక నిటారైన కొండ, ముందు సరస్సు, ఆ రెంటి మధ్య ఇరుకున ఇళ్ళు. ఊరి జనాభా వెయ్యి కూడా లేదు గానీ యాత్రికులకు లెక్కలేదు. అందరూ ఫోన్లు పైకెత్తి తీసుకునే ఫోటో ఒకటే: నీళ్ళ పక్కన సన్నగా పైకి లేచిన మందిర గోపురం.

అది లూథరన్ విశ్వాసుల మందిరం. 1863లో ప్రతిష్ఠించారు. అయితే అక్కడి సంఘం వయసు అంతకంటే చాలా ఎక్కువ.

ఆ కొండలో మూడు వేల ఏళ్ళకు పైగా ఉప్పు తవ్వుతున్నారు. 16వ శతాబ్దంలో లూథర్ బోధ ఆ ఉప్పు గనుల పనివారి వరకు చేరింది. తరువాత పాలకులు దాన్ని అణచివేశారు. విశ్వాసులు బైబిళ్ళు దాచిపెట్టి, రహస్యంగా ఇళ్ళలో చదువుకున్నారు. 1734లో ఆ ప్రాంతపు విశ్వాసులను కొందరిని కుటుంబాలతో సహా పడవలెక్కించి, డాన్యూబ్ నది మీదుగా దూరాన ఉన్న ట్రాన్సిల్వేనియాకు తరలించారు. 1781లో రెండవ జోసెఫ్ చక్రవర్తి ఆరాధనకు అనుమతి ఇచ్చాడు గానీ, మందిరానికి గోపురం ఉండకూడదు, గంట ఉండకూడదు, వీధి వైపు వాకిలి ఉండకూడదు అన్నాడు. సమాన హక్కులు 1861లో గానీ రాలేదు.

అన్ని తరాలు విశ్వాసాన్ని నిలబెట్టింది ఏది? గోపురం కాదు. ఇంట్లో అమ్మానాన్నలు పిల్లలకు చదివి వినిపించిన వాక్యం.

ఇప్పుడు మన పల్లెల సంగతి చూద్దాం. పక్క ఊరి సంఘం గోపురం కట్టిందని మనమూ మొదలుపెడతాం. చాలకపోతే వడ్డీకి తెస్తాం. ఆ అప్పు చివరికి కూలికి వెళ్ళే విధవరాలి కొంగుముడి దాకా వస్తుంది. అదే సమయంలో ఎన్ని ఇళ్ళలో కుటుంబ ప్రార్థన జరుగుతోంది? ఎంతమంది యౌవనస్థులు బైబిలును స్వయంగా చదువుతున్నారు?

"హగ్గయి ప్రవక్త మందిరం కట్టమనలేదా?" అని కొందరు అడుగుతారు. అన్నాడు. మందిరం కట్టడం తప్పని మేము చెప్పడం లేదు. కానీ హగ్గయి గద్దించింది తమ ఇళ్ళను చక్కగా కప్పుకున్నవారిని, పూరిపాకలో ఉన్న పేదరాలిని కాదు.

మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు తన శిష్యులను మొదట ఉప్పుతో పోల్చాడు. ఆ తరువాతే కొండమీది పట్టణంతో పోల్చాడు. ఈ వరుస గమనించండి. ఉప్పు కూరలో కలిసి కనబడకుండా పోతుంది, రుచి మాత్రం నిలుస్తుంది. కనబడకుండా బ్రతికిన సాక్ష్యం ముందు, అందరికీ కనబడే గోపురం తరువాత.

కాబట్టి చందా పుస్తకం తెరిచే ముందు సంఘ పెద్దలు ఒక ప్రశ్న వేసుకోవాలి: రేపు మన మందిరానికి తాళం పడితే, ఎల్లుండి మన ఇళ్ళలో ఆరాధన జరుగుతుందా? జరుగుతుందని చెప్పగలిగితే, అప్పు లేకుండా, సంతోషంగా కట్టుకుందాం. చెప్పలేకపోతే, ఈ రాత్రి భోజనం అయ్యాక పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని ఒక అధ్యాయం చదువుదాం. మన సంఘానికి పునాది అక్కడే పడుతుంది.

ప్రభువు మన గృహములను దీవించును గాక. ఆమేన్.