వెళ్లి వచ్చినవారి వ్రాత



ఈ మాసము కొండలెక్కే పిల్లలను గూర్చి వ్రాస్తున్నాము. "మా ఊళ్లో కొండెక్కేది గొర్రెల కాపరులు, కట్టెలకు పోయేవారు. అందులో పత్రికలో వ్రాయడానికేముంది?" అని కొందరు తల్లిదండ్రులు అనుకోవచ్చును. కాని సెలవురోజున కొండలెక్కుతున్నది మీ పిల్లలే. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం జిల్లాల పల్లెల నుండి కోచింగుకని, ఉద్యోగానికని వచ్చి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట హాస్టళ్లలో ఉంటున్న యువతీ యువకులు అరడజను మందో పది మందో కలిసి, తెల్లవారకముందే ఎల్.బి.నగర్ చౌరస్తాకు చేరుకుంటారు. అక్కడి నుండి కొందరు ఉప్పల్ మీదుగా భువనగిరి కోటకు, కొందరు విజయవాడ రోడ్డు పట్టి రాచకొండకు, మరికొందరు సాగర్ రోడ్డులోని గుట్టలకు పోతారు. (ఆదివారపు ఆరాధన మాట ఏమిటని సంఘ పెద్దలు అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. దానిని మరొక మాసమునకు ఉంచుదాము.)

మమ్మును ఆలోచింపజేసినది వారు ఎక్కడం కాదు, దిగివచ్చాక వారిలో కొందరు చేసే పని. కాళ్ల నొప్పులు తగ్గకముందే కూర్చుని, ఆ రోజు నడిచిన నడకంతా వ్రాస్తున్నారు. ఏ బస్సు ఎక్కాము, ఎన్ని గంటలకు ఎక్కడం మొదలుపెట్టాము, దారి ఎక్కడ రెండుగా చీలింది, తెచ్చుకున్న నీళ్లు ఎక్కడ అయిపోయాయి, ఏ బండ మీద కాలు జారింది, ఏ రాతి క్రింద తేనెతుట్టె ఉన్నది. ఇవన్నీ వ్రాసి స్నేహితులకే గాక, ముఖమెరుగని వారికి కూడ పంచిపెడుతున్నారు. అందుకు ఎవరూ రూపాయి ఇవ్వరు. రేపటి పరీక్షకు అది పనికిరాదు. మరి ఎందుకు వ్రాస్తున్నట్లు?

గొప్ప కోసమని తీసిపారేసే పెద్దలున్నారు. వయసు పిల్లలు గదా, కొంత గొప్ప ఉండనే ఉంటుంది. అయితే గొప్ప చెప్పుకోవడానికి ఫొటో చాలును. కోట బురుజు మీద నిలబడి చేతులు చాచిన ఫొటో చూస్తే ఎక్కినవాడు వీరుడే అనిపిస్తుంది. పైన నీటిచుక్క లేదన్న సంగతి, దిగేటప్పుడు దారి తప్పి గంటసేపు ముళ్లపొదల్లో తిరిగిన సంగతి ఆ ఫొటోలో కనబడవు. అవి చెప్పాలంటే వ్రాయవలసిందే.

మన పల్లెలకు ఇది క్రొత్త కాదు. సంతకు పోయి వస్తున్నవాడు ఎదురైన బండివానిని ఆపి, "వాగొచ్చింది, ఇప్పుడు పోవద్దు, పైనున్న కట్ట మీదుగా పో" అని చెప్పడం మనము చిన్ననాటి నుండి ఎరిగినదే. ఆ బండివాడు అతనికి చుట్టము కానక్కరలేదు. తాను దాటిన వాగును వెనుక వచ్చేవాడు కూడ క్షేమంగా దాటాలి, అంతే. హాస్టలు గదిలో వ్రాసే ఈ పిల్లలు చేస్తున్నది ఆ పనే. ఎదురుపడని బండివానికి చెబుతున్నారు.

తెలుగులో ఇటువంటి వ్రాతకు పెద్ద ఉదాహరణ ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసు నుండి బయలుదేరి, కడప, కర్నూలు ప్రాంతాల మీదుగా హైదరాబాదుకు వచ్చి, అక్కడి నుండి ఉత్తరదేశమునకు పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరారు. దారి పొడవునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ల గారికి వ్రాసిపంపుతూ వచ్చారు. వీరాస్వామయ్యగారు 1836లో చనిపోయిన తరువాత, 1838లో ఆ స్నేహితుడే దానిని అచ్చువేయించారు. ఆయన మతము వేరు, యాత్ర ఉద్దేశము వేరు. అయినను ఆ పుస్తకము తెరిచి చూడండి. ఏ మజిలీలో నీళ్లున్నవి, ఏ ఊరిలో అంగళ్లున్నవి, దారి రాళ్లదా ఇసుకదా, నది ఎట్లు దాటవలెను అని ఓపికగా వ్రాసుకుంటూ పోయారు. తరువాత బయలుదేరబోయే వాని ఆకలి, దాహము ఆయన మనసులో ఉన్నాయి.

మన బైబిలులో కూడ అటువంటి అధ్యాయమున్నది. సంఖ్యాకాండము 33వ అధ్యాయమును అనేకులు చదవకుండా దాటిపోతారు. రామెసేసు మొదలుకొని మోయాబు మైదానముల వరకు ఇశ్రాయేలీయుల మజిలీల పేర్లే వరుసగా ఉంటాయి గనుక విసుగు పుట్టవచ్చును. వాటిని మోషే యెహోవా ఆజ్ఞ చొప్పున వ్రాసెనని ఆ అధ్యాయములోనే ఉన్నది. నెమ్మదిగా చదివితే మధ్యలో రెండు సంగతులు కంటబడతాయి. ఏలీములో 12 నీటి ఊటలు, 70 ఈతచెట్లు ఉన్నాయట. రెఫీదీములోనైతే త్రాగడానికి నీళ్లు లేవట. ఉన్నచోట ఉన్నవని, లేనిచోట లేవని వ్రాశాడు. నీళ్లు లేనందుకు జనులు సణిగిన ఊరి పేరు కూడ దాచలేదు.

అదే గ్రంథము 13వ అధ్యాయములో ఇంకొక ప్రయాణపు వార్త ఉన్నది. అది చాల ఖరీదైన వార్త. కనాను దేశమును చూచి రమ్మని 12 మందిని పంపేటప్పుడు మోషే వారికి ముందుగానే ప్రశ్నలు ఇచ్చి పంపాడు. జనులు బలవంతులా బలహీనులా, కొద్దిమందా అనేకులా? నేల సారమైనదా కాదా? ఊళ్లకు ప్రాకారములున్నవా? చెట్లున్నవా? అక్కడి పండ్లు కొన్ని తీసుకొని రండి. ఏ కొండకు పోయి వచ్చేవారికైనా ఇంతకంటె మంచి ప్రశ్నలు మేము చెప్పలేము. వారు 40 దినములు తిరిగి, ద్రాక్షగెలను దండెతో ఇద్దరు మోసుకొని తిరిగివచ్చారు. ఊళ్లకు గోడలున్నవని, మనుష్యులు బలవంతులని పదిమంది చెప్పినది అబద్ధము కాదు. యెహోషువ, కాలేబు చూచినవి కూడ ఆ గోడలే, ఆ మనుష్యులే. పదిమంది చేసిన తప్పేమంటే, తమ భయమును కూడ దేశపు లక్షణముగా కలిపి చెప్పారు. ఆ దేశము తన నివాసులనే మింగివేస్తుందన్నారు, తాము వారి యెదుట మిడతలమన్నారు. ఆ మాటలకు జనులు రాత్రంతా ఏడ్చారు. చివరికి దినమునకు ఒక సంవత్సరము చొప్పున 40 ఏండ్లు అరణ్యములో తిరిగారు. వెళ్లి వచ్చినవాని మాట మీద ఒక తరము తలరాత ఆధారపడింది.

భయమును దాచమని మేము అనడం లేదు. ఆ బండ దగ్గర మాకు భయమేసింది అని వ్రాయవలసిందే. అయితే బండ ఎంత ఎత్తు, పట్టు దొరుకుతుందా, వానలో జారుతుందా అన్నది విడిగా ఉండాలి. చదివినవాడు తన కాలి బలమును బట్టి తాను తేల్చుకుంటాడు.

లూకా ఈ విద్యలో ఆరితేరినవాడు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము నుండి అక్కడక్కడ "మేము" అని వ్రాయడం మొదలుపెడతాడు, తాను కూడ ప్రయాణములో ఉన్నాడు గనుక. 27వ అధ్యాయములోని ఓడ ప్రయాణము చూడండి. నీటి లోతు 20 బారలు, మరికొంత దూరము పోయాక 15 బారలు, ఓడలో 276 మంది. అంతేగాక, ప్రయాణము ఆపమని పౌలు హెచ్చరించిన సంగతి, శతాధిపతి ఆ మాట వినక నావికుని మాట, ఓడ యజమాని మాట నమ్మిన సంగతి కూడ వ్రాశాడు. ఎక్కడ తప్పుడు తీర్మానము జరిగిందో అది దాచిపెడితే ప్రయాణపు వ్రాత సగమే అవుతుంది.

మన సంఘముల చరిత్రలో ఒక చిన్న కొండ నడక ఉన్నది. 1854 జనవరి 1న తెల్లవారుజామున జూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు ప్రక్కనున్న కొండ ఎక్కి ప్రార్థించారు. అయిదుగురు ఎక్కి దిగిన చిన్న కొండ. ఆ ఉదయమును గూర్చి చెప్పినవారు, వ్రాసినవారు ఉన్నందున మనకు తెలిసింది. 1866లో ఒంగోలు వచ్చిన క్లౌ దొరగారి కాలములో, 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి చెప్పేటప్పుడెల్లా ఆ కొండను కూడ చెప్పుకొంటాము. ఎవరూ వ్రాయకపోతే అది పేరులేని గుట్టగా మిగిలేది.

ఇప్పుడు ఒక కఠినమైన సంగతి చెప్పాలి. 2014 మే 25న పూర్ణ, ఆనంద్ కుమార్ అను ఇద్దరు పిల్లలు ఎవరెస్టు శిఖరము ఎక్కారు. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. పూర్ణకు అప్పటికి 13 ఏండ్లు. వారు బండలెక్కడం నేర్చుకున్నది మన భువనగిరి గుట్ట మీదనే. ఊరూరా సంతోషించాము. సరిగ్గా రెండు వారాలకు, జూన్ 8న, హైదరాబాదు నుండి విహారయాత్రకు వెళ్లిన ఇంజనీరింగు విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో మండి దగ్గర బియాస్ నదిలోకి దిగి బండల మీద ఫొటోలు తీసుకుంటుండగా, ఎగువన లార్జి డ్యాము నుండి వదిలిన నీరు మీద పడింది. 24 మంది విద్యార్థులు, వారితో వెళ్లిన యాత్రా నిర్వాహకుడు కొట్టుకుపోయారు. బండలు పైకి తేలి, నీరు మోకాలి లోతున పారుతున్న నది, చూచేవానికి ఏ అపాయమును చూపదు. శిఖరము ఎక్కిన పిల్లల వెంట దారి ఎరిగినవారు ఉన్నారు. ఈ పిల్లలకు, "ఇది డ్యాము క్రింది నది, ఎండ కాస్తుండగానే నీరు లేస్తుంది, బండల మీదికి పోకండి" అని చెప్పే మాట ఏదీ ఆ ఒడ్డున అందలేదు. ఎవరినీ నిందించడానికి మేమిది వ్రాయడం లేదు. ఆ ఇండ్లలో ఇప్పటికీ ఆరని దుఃఖము ఉన్నది. కాని అటువంటి నీరు మన సాగర్ క్రింద, శ్రీశైలము క్రింద కూడ ఉన్నది. అక్కడికి ముందుగా పోయినవాడు రెండు వాక్యములు వ్రాసి ఉంచితే వెనుక పోయేవాడు ఒడ్డునే కూర్చుంటాడు.

కాబట్టి ఊళ్లోని తల్లిదండ్రులకు మా మనవి ఏమంటే, పిల్లవాడు ఫోనులో కొండ ఫొటో పంపినప్పుడు "బాగున్నది నాయనా" అని ఊరుకోవద్దు. నీళ్లు ఎక్కడ దొరికినవి, ఎవరు వెంట వచ్చారు, ఎన్ని గంటలకు దిగారు అని అడగండి. రెండుసార్లు అడిగితే మూడవసారి అడగకముందే వాడే వ్రాసి పంపుతాడు. అమ్మాయిలైతే ఇంకా వివరముగా వ్రాస్తారు, ఇది మేము చూచిన సంగతి. చదవడం రాని అమ్మమ్మలకు ఇంట్లో ఎవరైనా చదివి వినిపించండి. గుట్టల సంగతి వారికే ఎక్కువ తెలుసు గనుక, తప్పులుంటే వారే దిద్దుతారు.

యువజన కూటములవారు రిట్రీటుకో, కొండ ప్రార్థనకో పోయి వస్తే ఆ నడకను వ్రాసి మాకు కూడ పంపండి, వీలునుబట్టి ఈ పేజీలో వేస్తాము. కాగితమునకు ఒకవైపే వ్రాయండి, రెండు పేజీలు మించవద్దు. ఏ నెలలో వెళ్లారో తప్పక వ్రాయండి. మే నెలలో ఎండిపోయి దారిగా నడిచిన వాగు ఆగస్టులో ఎండిపోయి ఉండదు.