సర్వేలకు చిక్కని ఎల్బీనగర్‌ ఓటు

రాష్ట్రవ్యాప్త సర్వేలను బట్టి ఎల్బీనగర్‌ ఫలితాన్ని ఊహించడం ఎంత పొరపాటో గత మూడు శాసనసభ ఎన్నికలు తేటతెల్లం చేశాయి. 2014లో తెరాస అధికారంలోకి రాగా ఇక్కడ తెలుగుదేశం గెలిచింది. 2018లో ప్రజాకూటమిదే విజయమన్న లగడపాటి రాజగోపాల్‌ సర్వే తలకిందులై తెరాసకు 88 స్థానాలు దక్కాయి. ఎల్బీనగర్‌లో మాత్రం కూటమి పక్షాన కాంగ్రెస్‌ అభ్యర్థి దేవిరెడ్డి సుధీర్‌రెడ్డి నెగ్గారు. ఆయన మరుసటి ఏడాదే అధికార పక్షంలో చేరడం వేరే సంగతి. 2023లో కాంగ్రెస్‌కు మొగ్గు చూపిన పలు ఎగ్జిట్‌ పోల్స్‌ రాష్ట్రంలో నిజమైనా, ఇక్కడ ఆయనే భారాస తరఫున గెలిచారు.

దిల్‌సుఖ్‌నగర్‌ కూడలిలో అభిప్రాయం చెప్పేవారిలో ఎందరికి స్థానికంగా ఓటుందన్నదే అసలు చిక్కు. కోచింగ్‌ విద్యార్థులు, అద్దె ఇళ్లలోని కుటుంబాల్లో పలువురి పేర్లు సొంతూళ్ల జాబితాల్లోనే ఉంటాయి. టికెట్ల కేటాయింపునకూ సర్వేలే ప్రాతిపదికని చెప్పే పార్టీలు ముందుగా తేల్చుకోవలసింది ఈ లెక్కనే.