బ్రేకు జోలికి పోవద్దు, యాక్సిలరేటర్‌ను సర్దండి
మలుపు ముందు కుడిపాదంతో బ్రేకు నొక్కి ఉంచుతూనే, క్లచ్ తొక్కి, అదే పాదం అంచుతో యాక్సిలరేటర్‌ను తట్టి ఇంజన్ వేగం పెంచి కింది గేరు వేయడమే హీల్ అండ్ టో. సుజుకా ట్రాక్‌పై హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ కారు నడిపిన రేసర్ అయర్టన్ సెన్నా పాదాల వీడియో చూసినవారికి ఆ విద్యలోని అందం తెలుసు. మామూలు కార్లలో చాలావాటిలో యాక్సిలరేటర్ బ్రేకు కన్నా లోతుగా, దూరంగా ఉండి పాదానికి అందదు. ఆ ఎడం తయారీ లోపం కాదు. కంగారులో ఒకే పాదం రెండింటినీ తొక్కకుండా పెట్టిన రక్షణ. కాబట్టి ఎడం తగ్గించాలనుకునేవారు బ్రేకు పెడల్‌ను వంచడం, దాని రాడ్డు నిడివి మార్చడం ప్రాణాలతో చెలగాటమే. యాక్సిలరేటర్‌కే వెడల్పాటి పలక గట్టిగా బిగించుకోవాలి. కొలత తీసేటప్పుడు చాలామంది బ్రేకు వదిలేసి చూస్తారు, అక్కడే లెక్క తప్పుతుంది. బండి నిలిపి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, బ్రేకు గట్టిగా నొక్కినప్పుడు అది యాక్సిలరేటర్‌తో సమానంగానో, రవ్వంత ఎత్తులోనో ఉండాలి. పలక మ్యాటుకు తట్టుకోకూడదు, కాలు తీయగానే పెడల్ పూర్తిగా వెనక్కి రావాలి. నిస్సాన్ 370జెడ్ లాంటి కార్లలో ఇంజన్ వేగం కలిపే పని కంప్యూటరే చేస్తుంది, అయినా పాదంతో నేర్చుకోవాలన్న తపన మెచ్చదగిందే. మామూలు బూట్లతో గట్టిగా బ్రేకు వేసినప్పుడు పాదం రెండు పెడళ్ల మీదా పడుతోందంటే మాత్రం ఆ పలకను అప్పటికప్పుడే తీసేయాలి.